పశ్చిమ ప్రకాశంలో ఇల్లు, స్థలం, నీళ్ళు

పశ్చిమ ప్రకాశం అనే పేరు ఏ రెవెన్యూ రికార్డులోనూ కనపడదు. ప్రకాశం జిల్లా కేంద్రం ఒంగోలులో కూర్చుని పడమటి వైపు చూసినవాళ్ళు పెట్టిన పేరది. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాలు అందులో తప్పకుండా వస్తాయి. కనిగిరిని కొందరు కలుపుతారు, కొందరు వదిలేస్తారు. నల్లమల కొండలకు తూర్పున పరుచుకున్న ఈ మెట్ట నేలలో రెండు పెద్ద పట్టణాలు మార్కాపురం, గిద్దలూరు. వాటి మధ్య కంభం, బేస్తవారిపేట; ఉత్తరాన దోర్నాల, యర్రగొండపాలెం, త్రిపురాంతకం; తూర్పు అంచున దొనకొండ. 2011 జనాభా లెక్కల్లో మార్కాపురం పట్టణ జనాభా దాదాపు 71 వేలు. ఈ ప్రాంతంలో దానికి పోటీ వచ్చే ఊరు లేదు.

అమెరికాలో ఒక కౌంటీలో ఇల్లు కొనేవాడు ముందు బడి సంగతి కనుక్కుంటాడు. అక్కడ బళ్ళకు అందే సొమ్ములో పెద్ద వాటా స్థానిక ఆస్తిపన్ను నుంచి వస్తుంది కాబట్టి, మంచి బడి ఉన్న పేటలో ఇంటి ధర కూడా ఎక్కువే ఉంటుంది. మార్కాపురంలో బడి బస్సు ఇంటి ముందుకే వస్తుంది. స్థలం చూడ్డానికి వచ్చినవాడు ఇక్కడ మొదట అడిగేది, "బోరు వేస్తే నీళ్ళు పడతాయా?" అని. మిగతా బేరమంతా దానికి వచ్చే జవాబును బట్టి సాగుతుంది.

జిల్లాలు మారిన నేల

ఈ తాలూకాలు నిజాం చేతి నుంచి 1800లో ఈస్టిండియా కుంఫిణీకి వెళ్ళిన దత్త మండలాల్లో భాగం. ఆ తర్వాత చాలాకాలం కర్నూలు జిల్లాలో ఉన్నాయి. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేసినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు వాటాగా వచ్చి కలిశాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. పేరు మారినా పలుకు మారలేదు. గిద్దలూరు మాటలో రాయలసీమ యాస ఇప్పటికీ వినపడుతుంది, పాత ఇంటి కట్టుబడిలోనూ సీమ పోలికలే ఉంటాయి.

ఒంగోలుతో వీళ్ళకు ఉండిన పెద్ద తగాదా దూరమే. గిద్దలూరు నుంచి అక్కడి కలెక్టరాఫీసుకు వెళ్ళాలంటే నూట యాభై కిలోమీటర్ల దాకా ప్రయాణం చేయాల్సి వచ్చేది. అందులో సగం కూడా ఉండదు నంద్యాల, నల్లమల ఘాటు దాటితే వచ్చేస్తుంది. అందుకే పెళ్ళి బట్టలకూ పెద్ద డాక్టరుకూ గిద్దలూరు జనం నంద్యాల పోతారు, పట్టా కాగితానికి మాత్రం ఒంగోలు పోవాల్సి వచ్చేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్విభజించినప్పుడు మార్కాపురం జిల్లా వస్తుందని ఆశపడి, రాక ఆందోళనలు చేశారు. చివరికి 2025 నవంబరులో మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి నియోజకవర్గాలతో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లాకు ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఆ మాట స్థలాల బేరాన్ని ఎట్లా కదిపిందో కాస్త ముందుకు పోయాక చూద్దాం.

కింద రాయి

ఇక్కడి నేల కింద ఉన్నది పలకరాయి. భూవిజ్ఞానులు కడప శిలా సముదాయంలో నల్లమల వర్గం అని చెప్పే రాళ్ళలో ఒక పొరకు కంభం ఊరి పేరే పెట్టారు. పొరలు పొరలుగా విడిపోవడం ఆ రాయి గుణం. ఉలి పెట్టి అదను చూసి ఒక దెబ్బ వేస్తే పుస్తకం తెరుచుకున్నట్టు రెండు రేకులవుతుంది. తెలుగునాట ఒకప్పుడు బడికి పోయిన పిల్లల్లో మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దనివాళ్ళు తక్కువ. రేకులు చీల్చడం, కొలతకు కొయ్యడం, నునుపు చెయ్యడం, కర్ర చట్రం బిగించడం, ఇదంతా మార్కాపురంలో వేలమందికి కూడు పెట్టిన పని. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. మిగిలిన గనులు, ఫ్యాక్టరీలు గోడలకు, నేలకు, పైకప్పులకు వాడే పలకల వైపు తిరిగాయి. యూరప్, అమెరికా ఇళ్ళ గోడల మీదికి ఇక్కడి నల్లరాయి ఎగుమతి అవుతుంది. దాన్ని కోసిన మనిషి ఇంటి మీద మాత్రం సిమెంటు రేకు ఉంటుంది. ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే సిలికోసిస్ ఈ వృత్తిని అంటిపెట్టుకున్న రోగం. గనిలో పనిచేసిన మనిషి దగ్గు వినగానే అది మామూలు దగ్గు కాదని ఇరుగుపొరుగుకు అర్థమైపోతుంది.

ఇళ్ళ సంగతి చెబుతూ రాయి గురించి ఇంత ఎందుకంటే, నీళ్ళ కరువుకు మూలం ఇదే. పలకరాయి నీటిని పట్టి ఉంచదు. పగుళ్ళలో ఎంత ఇమిడితే అంతే. పక్కపక్క స్థలాల్లో ఒకదానిలో బోరు పొంగుతుంది, ఇంకోదానిలో దుమ్ము లేస్తుంది. అందుకని ఒకే లేఅవుట్‌లో, ఒకే రోడ్డు మీద, ఒకే కొలత ప్లాట్లు కూడా ఒకే ధరకు అమ్ముడుపోవు.

బోరు బండి వచ్చిన రాత్రి

ఇల్లు కట్టాలనుకున్నవాడు ఇక్కడ ముగ్గు పోసే ముందే బోరు వేయిస్తాడు. నీళ్ళు పడకపోతే ఇల్లే వద్దనుకుని స్థలం అమ్ముకున్నవాళ్ళున్నారు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద అనుమతి తీసుకోవాలి. జనం అంతకంటే ముందు పాయింటు పెట్టేవాడిని పిలుస్తారు. ఒకాయన అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని నడుస్తాడు, ఇంకొకాయన వేపపుల్ల పట్టుకుంటాడు, చదువుకున్నవాడు మిషను తెస్తాడు. ముగ్గురూ మూడు చోట్లు చూపిస్తారు. ఇంటి యజమాని వాస్తు కూడా కలుపుకుని ఈశాన్యానికి దగ్గరగా ఉన్న పాయింటుకు మొగ్గుతాడు. కొబ్బరికాయ చెప్పినా చెప్పకపోయినా పగులు తగిలితేనే నీళ్ళు, ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా టెంకాయ కొట్టకుండా బోరు దించరు.

బోరు బండి ఎక్కువగా రాత్రిపూటే ఖాళీ అవుతుంది. తమిళనాడులోని తిరుచెంగోడు బళ్ళు, ఆ బళ్ళ మీద ఉత్తరాది కుర్రాళ్ళు. రాడ్డు వెనక రాడ్డు దిగుతుంటుంది. వీధివాళ్ళు అరుగుల మీద చేరతారు. లెక్క అడుగుల్లో నడుస్తుంది. నూరు, రెండు నూర్లు, మూడు నూర్లు. పైకి వచ్చేది తెల్లటి పొడి దుమ్ము అయితే అందరూ మౌనంగా ఉంటారు. దుమ్ము తడిసి బురదగా మారితే ఆడవాళ్ళు ముందుకు వస్తారు. "తడి వచ్చింది అన్నా, ఇంకో రెండు రాడ్లు దించండి," అంటాడు బండి మేస్త్రీ. ఆ రెండు రాడ్లకు డబ్బు ఎక్కడినుంచి తేవాలో ఇంటాయన ఆలోచిస్తుంటాడు. అయిదారు నూర్ల అడుగులు దాటడం ఇక్కడ మామూలు విషయం. ఎండిన బోరుకు కూడా అడుగుకు ఇంత చొప్పున పూర్తిగా కట్టాల్సిందే. ఇంటి అంచనా ఖర్చులో పునాదికి పైన ఉండే మొదటి వరుస ఇది.

పడిన నీళ్ళన్నీ తాగేవి కావు. కనిగిరి, పెదచెర్లోపల్లి, పొదిలి మొదలుకొని మార్కాపురం చుట్టుపక్కల దాకా భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ళు గారపడతాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి, నడుము వంగిపోతుంది. కిడ్నీ జబ్బులూ ఈ పల్లెల్లో ఎక్కువే. అందుకే ప్రతి ఇంట్లో రెండు రకాల నీళ్ళుంటాయి. వాడకానికి బోరు నీళ్ళు, తాగడానికి ప్లాంటు నుంచి తెచ్చిన ఇరవై లీటర్ల క్యాను. పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు "వాళ్ళ ఊరి నీళ్ళు మంచివేనా" అని అడగడం ఇక్కడ పుల్లవిరుపు మాటేమీ కాదు.

మార్కాపురానికి కుళాయి నీళ్ళు వచ్చేది త్రిపురాంతకం దగ్గరి దూపాడు వేసవి నిల్వ చెరువు నుంచి. అందులోకి వచ్చేది సాగర్ నీరు. నాగార్జునసాగర్ కుడికాలువ త్రిపురాంతకం, కురిచేడు, దొనకొండ వైపు తాకి వెళ్ళిపోతుంది, మార్కాపురం పైభాగం దానికి అందదు. కుళాయి రోజూ రాదు. ఫలానా వార్డుకు ఫలానా రోజని వంతు. వంతు తప్పితే ట్యాంకరు. అందుకే మార్కాపురంలో కొత్త ఇంటి ప్లానులో వాకిలి కింద సంపు పెద్దదిగా గీస్తారు. కారు నిలిపే జాగా తగ్గినా ఒప్పుకుంటారు గానీ సంపు తగ్గితే ఒప్పుకోరు. 2025 జులైలో మార్కాపురం మండలం నరసింహపురంలో దాదాపు 1,290 కోట్ల రూపాయల తాగునీటి పథకానికి శంకుస్థాపన జరిగింది. వెలిగొండ ప్రాజెక్టు నీటిని వందల పల్లెలకు పైపుల్లో పంపాలన్నది దాని లక్ష్యం.

వెలిగొండ సంగతి చెప్పకుండా ఈ ప్రాంతం గురించి ఏమీ చెప్పలేం. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు మీద ఉన్న ఈ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం వెనక కొల్లంవాగు దగ్గర నుంచి నల్లమల కడుపులో పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా రెండు సొరంగాలు తవ్వి, 43.5 టీఎంసీల కృష్ణా వరద నీటిని నల్లమలసాగర్‌లోకి తేవాలి. 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15 లక్షలకు పైగా జనానికి తాగునీరు అన్నది లెక్క. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024లో ముగిశాయి. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. అయితే లైనింగు, కాలువలు, పునరావాసం మిగిలే ఉన్నాయి. శంకుస్థాపన నాటికి పుట్టిన పిల్లలు పెద్దయి, పెళ్ళిళ్ళు చేసుకుని, ఇళ్ళు కట్టుకోవడం మొదలుపెట్టారు. "వెలిగొండ వస్తే ఈ పొలం ఎకరం ఎంత పలుకుతుందో తెలుసా" అని చెప్పి భూమి అమ్మడం ముప్పై ఏళ్ళుగా నడుస్తున్న వ్యాపారం.

ఈ కరువులో ఒక పచ్చని మినహాయింపు కంభం. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు విజయనగర కాలానిది. శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతి కూతురు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ 2020లో దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. చెరువు నిండిన ఏడు కంభంలో బావులు ఊరతాయి, వరి పండుతుంది. చెరువు ఎండిన ఏడు కంభం కూడా మిగతా ఊళ్ళలాంటిదే. గిద్దలూరు నీళ్ళు మాత్రం ఇటు పారవు, సగిలేరులో కలిసి దక్షిణంగా పెన్నకు పోతాయి. వానలు తగ్గితే సగిలేరు ఇసుక బాటే.

మిద్దె నుంచి స్లాబుకు

ఈ ప్రాంతపు పాత ఇల్లు మట్టి మిద్దె. మందపాటి రాతిగోడలు, కర్ర దూలాలు, వాటి మీద దంతెలు, పైన బండలో చితుకులో పరిచి, ఆ మీద చవుడు మన్ను. చవుడు తడిస్తే బిగుసుకుని నీటిని దిగనివ్వదు. ఏటా తొలకరికి ముందు మిద్దెక్కి కొత్త చవుడు పోసి తొక్కేవాళ్ళు. గోడ మందం వల్ల మే నెలలో బయట నలభై అయిదు డిగ్రీలు కాలుతున్నా నడింట్లో పడుకోవచ్చు. తూర్పున కొంచెం దిగితే బోద కొట్టాలు, పూరిళ్ళు ఎక్కువ.

ఇప్పుడు కట్టేవన్నీ స్లాబు ఇళ్ళు. తొమ్మిది అంగుళాల గోడ కూడా తగ్గి సిమెంటు ఇటుకల సన్నగోడ అయింది. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పదింటి దాకా వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. అందుకని ఏసీ వచ్చింది, ఏసీతో కరెంటు బిల్లు. అప్పటిదాకా మిద్దెలో పెరిగిన ముసలమ్మ కొత్త ఇంట్లో నిద్రపట్టక వరండాలో మంచం వేసుకోవడం ఈ ఊళ్ళలో తరచూ కనపడే దృశ్యం. ఆధునికమైన ఇల్లంటే చల్లగా ఉండే ఇల్లని కాకుండా స్లాబు ఉన్న ఇల్లని అర్థం స్థిరపడ్డాక మిద్దెను బాగు చేయించేవాళ్ళు లేకుండా పోయారు. చవుడు తొక్కడం తెలిసిన మనుషులూ తగ్గారు.

నల్లమలలో చెంచుల గూడేలు, పెంటలు వేరే లోకం. చెంచులకు ఇల్లంటే చుట్టూ అడవితో కలిపి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం నిబంధనల కిందికి వాళ్ళ గూడేలు వస్తాయి. ప్రభుత్వం కట్టించిన పక్కా గదుల్లో సామాను పెట్టుకుని, పక్కనే గుడిసె వేసుకుని అందులో ఉంటున్న కుటుంబాలను ఎవరైనా చూడవచ్చు. అలాంటి గదులకు డిజైను గీసేవాళ్ళు ఒక వేసవి మధ్యాహ్నం ఆ కప్పు కింద కూర్చుంటే బాగుండేది. 2023లో మొదలైన ప్రధానమంత్రి జన్‌మన్ పథకం కింద వీళ్ళకు మళ్ళీ ఇళ్ళు మంజూరవుతున్నాయి.

సెంటు లెక్క, వెంచరు లెక్క

ఇళ్ళ స్థలం ఇక్కడ సెంట్లలో మాట్లాడతారు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. పట్టణంలో వెంచరు వేసినవాళ్ళు గజాల్లో చెబుతారు, పాత ఊళ్ళో సెంట్లలో చెబుతారు. ఒకే స్థలం గజాల్లో చెప్పినప్పుడు చవకగా, సెంట్లలో చెప్పినప్పుడు ఖరీదుగా అనిపించడం బ్రోకర్లకు బాగా తెలిసిన కిటుకు.

బేరం పద్ధతి ఇట్లా ఉంటుంది. మధ్యవర్తి రెండు వైపులా మాట్లాడి టీ అంగడి దగ్గర కూర్చోబెడతాడు. ధర కుదిరితే అక్కడికక్కడ బయానా. తర్వాత అగ్రిమెంటు, మూడు నెలలో ఆరు నెలలో గడువు. ఈ గడువే అసలు వ్యాపారం. అగ్రిమెంటు చేసుకున్నవాడు చాలామట్టుకు ఇల్లు కట్టేవాడు కాదు. గడువులోగా ఇంకొకరికి ఎక్కువకు మారిస్తే ఆ తేడా వాడిది. అట్లా ఒక స్థలం రిజిస్ట్రేషను కాకుండానే మూడు చేతులు మారుతుంది. చివరిగా కొన్నవాడు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు పోతే స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషను ఫీజు కలిపి విలువ మీద ఏడున్నర శాతం కట్టాలి. అది ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ మీద. బయట ఇచ్చిపుచ్చుకున్న సొమ్ము అంతకంటే ఎక్కువ. ఆ తేడా తెల్లగానో నల్లగానో ఉండిపోతుంది. ఈ ప్రాంతంలో ఇళ్ళ స్థలాల అసలు ధరలు ఏ రికార్డులోనూ ఎక్కకపోవడానికి కారణం అదే.

ధర ఊహ మీద ఎంత ఎగిరిపడుతుందో దొనకొండను చూస్తే తెలుస్తుంది. గుంటూరు–గుంతకల్లు మీటరుగేజి రోజుల్లో ఇంజన్ల షెడ్డుతో, రైల్వే క్వార్టర్లతో కళకళలాడిన ఊరు. బ్రిటిష్ కాలపు విమానాల మైదానం కూడా ఉంది. షెడ్డు పోయాక ఊరు డీలాపడింది. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజధాని దొనకొండలోనే అన్న ప్రచారం లేచింది. చుట్టూ వేల ఎకరాల ప్రభుత్వ భూమి ఉందన్నది ఆ ప్రచారానికి ఆధారం. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి కార్లు వచ్చాయి. బండ్లు తిరగని డొంకల పక్కన పొలాలకు బయానాలు పడ్డాయి. 2014 సెప్టెంబరు 4న శాసనసభలో రాజధాని విజయవాడ ప్రాంతంలో అని ప్రకటించారు. ఆ సాయంత్రం నుంచే బయానా వెనక్కి అడిగేవాళ్ళూ, ఇవ్వనివాళ్ళూ. తర్వాత పారిశ్రామిక కేంద్రం వస్తుందన్నారు. ఆ మాట మీద మరోసారి ధరలు లేచి కూర్చున్నాయి. రైతుల్లో పొలం అమ్మి డబ్బు చేసుకున్నవాడు బాగుపడ్డాడు. ఇంకా పెరుగుతుందని ఆగినవాడికి పాత పొలం పాతగానే మిగిలింది.

మార్కాపురంలోనూ ఇలాంటి కదలిక రెండుసార్లు వచ్చింది. మొదటిది వైద్య కళాశాల. రాష్ట్రంలో కొత్తగా తలపెట్టిన ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఒకదానికి 2021లో మార్కాపురం దగ్గర రాయవరంలో శంకుస్థాపన చేశారు. ఆ రోడ్డుకు ఇరువైపులా రాళ్ళు పాతిన ప్లాట్లు వెలిశాయి. కళాశాల పనులు నెమ్మదించి, 2025లో ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం కిందికి మార్చాలన్న నిర్ణయం వచ్చింది. రెండోది జిల్లా. కలెక్టరేటు ఎక్కడ కడతారో తెలియకముందే నాలుగు రోడ్ల వైపూ "కలెక్టరేటుకు దగ్గర" అన్న ఫ్లెక్సీలు పడ్డాయి. ఒక ఊరికి నాలుగు వైపులా ఒకే కలెక్టరేటు దగ్గర ఎట్లా అవుతుందో ఆ ఫ్లెక్సీ రాసినవాడే చెప్పాలి. అయినా ఇది దొనకొండ లాంటిది కాదనే అనాలి. జిల్లా కేంద్రం వచ్చిన చోట ఉద్యోగుల కుటుంబాలు నిజంగానే వస్తాయి, అద్దె ఇళ్ళకు గిరాకీ నిజంగానే పుడుతుంది.

కాగితాల్లో చుక్కలు

స్థలం చూడ్డానికి ఒక పూట చాలు. కాగితాలు చూడ్డానికి నెల పట్టవచ్చు. మెట్ట ప్రాంతం కనుక ఇక్కడ ప్రభుత్వం పేదలకు పంచిన డీకేటీ పట్టా భూములు ఎక్కువ. 1977 చట్టం ప్రకారం వాటిని అమ్మకూడదు, కొనకూడదు. అయినా స్టాంపు కాగితం మీద రాసుకుని చేతులు మారాయి. 2023లో, పంచి ఇరవై ఏళ్ళు దాటిన భూములకు పూర్తి హక్కులు (ఫ్రీహోల్డ్) ఇస్తూ చట్టం మార్చారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన మొదలుపెట్టారు. ఈ రెంటి నడుమ కొన్నవాడు దస్తావేజు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ఇవి కాక చుక్కల భూములు: పాత రీసెటిల్‌మెంటు రిజిస్టరులో యజమాని పేరు ఉండాల్సిన గడిలో గుమాస్తా చుక్కలు పెట్టి వదిలేసిన సర్వే నంబర్లు. వందేళ్ళ కిందట ఎవరో పెట్టిన ఆ చుక్కల వల్ల మనవళ్ళు ఇంటి అప్పుకు నోచుకోలేదు. వీటి పరిష్కారానికి 2017లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

వెంచర్లలో అనుమతి లేనివి ఎన్నో. అనుమతి ఉన్న లేఅవుట్‌కు పదో వంతు ఖాళీ జాగా వదలాలి, రోడ్డు వెడల్పు చూపాలి, కాలవలు తియ్యాలి. అనుమతి లేని దానికి రాళ్ళు పాతితే చాలు. 2020లో, మళ్ళీ 2025లో క్రమబద్ధీకరణకు అవకాశమిచ్చారు. మళ్ళీ ఇస్తారులే అన్న ధీమా అందువల్లే. కొనేవాడు ఈసీ (ఆస్తి లావాదేవీల పత్రం) తీయించి, అడంగల్, 1-బి భూరికార్డులు చూసి, 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదని తేల్చుకుని, వెబ్‌సైటులో కనపడింది చాలదని గ్రామానికి వెళ్ళి పక్క పొలంవాళ్ళను కూడా అడగాలి. పక్క పొలంవాళ్ళకు తెలిసినంత ఏ రిజిస్టరుకూ తెలియదు.

కాలనీలు, ముంపు ఊళ్ళు

పేదల ఇంటికి ప్రభుత్వాలు ఇచ్చిన పేర్లు మారుతూ వచ్చాయి: ఇందిరమ్మ ఇళ్ళు, ఎన్టీఆర్ ఇళ్ళు, జగనన్న కాలనీలు. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతా ముప్పై లక్షల దాకా పట్టాలిచ్చినప్పుడు పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు. సెంటులో ఇల్లు అంటే 435 చదరపు అడుగులు, అందులోనే మరుగుదొడ్డి, మెట్లు, నీళ్ళ తొట్టి. తర్వాతి ప్రభుత్వం పల్లెలో మూడు, పట్టణంలో రెండు సెంట్లని మార్చింది. అసలు చిక్కు సెంట్లలో లేదు, దూరంలో ఉంది. ఊరికి దూరంగా దొరికిన చవక భూమిలోనో కొండవాలులోనో లేఅవుట్ వేస్తే, అక్కడికి కరెంటు స్తంభం వస్తుంది, నీళ్ళ పైపు రాదు. ఇల్లు మంజూరైన ఆసామి ఇసుకకూ కంకరకూ తోడు ట్యాంకరు నీళ్ళు కూడా కొని గోడలు తడపాలి. బేస్మెంటు దగ్గర ఆగిన ఇళ్ళ వరుసలు ఎందుకు అట్లా ఉన్నాయో ఆ బిల్లు చూస్తే తెలుస్తుంది.

నల్లమలసాగర్ కింద మునిగే పదకొండు ఊళ్ళది ఇంకో కథ. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్ల దగ్గర కట్టలు కట్టి నీరు నిలుపుతారు. గండ్ల లోపలి పల్లెలన్నీ లేవాలి. పునరావాస కాలనీలకు స్థలాలు చూపించారు, కొన్నిటిలో రోడ్లూ కాలవలూ వేశారు. పరిహారం విడతల్లో, ఏళ్ళ తేడాలతో ఖరారవుతుండడంతో ముంపు ఊరిలో ఎవరూ ఇల్లు బాగు చేయించుకోరు. రేపు మునిగే గోడకు ఈరోజు సున్నం ఎవరు వేస్తారు? కొత్త ఊరిలో ఇల్లు కట్టుకునే డబ్బు పూర్తిగా అందలేదు. పాతికేళ్ళుగా అటూ ఇటూ కాని ఇంట్లో కాపురాలు సాగుతున్నాయి. ఈ ప్రాంతానికంతా నీళ్ళు తేవడానికి తమ ఇల్లు ఇచ్చినవాళ్ళు వాళ్ళే.

అద్దెలు, ఆస్పత్రులు, దారులు

అద్దెకు దిగేది ఎక్కువగా టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, పల్లెల నుంచి పిల్లల చదువు కోసం వచ్చిన తల్లులు. మార్కాపురంలో లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడి చుట్టూ ఉన్న పాత వీధుల్లో ఇళ్ళు ఇరుకు, నీళ్ళు కొంచెం నయం. స్టేషను రోడ్డు, కొత్త పేటల్లో గాలి వెలుతురు బాగుంటాయి, ట్యాంకరు ఖర్చు ఎక్కువ. ఇల్లు అడగబోయినవాళ్ళకు ఉద్యోగం తర్వాత వచ్చే ప్రశ్న కులం. ఇది ఇక్కడిదొక్కటే కాదు గానీ, ఇక్కడ గుట్టుగా అడగరు, సూటిగానే అడుగుతారు.

గిద్దలూరు తీరు వేరు. ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి సైన్యంలో చేరినవాళ్ళు చాలామంది. పదిహేను, ఇరవై ఏళ్ళ సర్వీసు చేసి పింఛనుతో వచ్చినవాళ్ళు సొంత పల్లెలో కాకుండా గిద్దలూరులో ఇల్లు కట్టుకుంటారు. నెలనెలా కచ్చితంగా వచ్చే పింఛను వల్ల బ్యాంకు అప్పు తేలిక. గేటు మీద రెజిమెంటు గుర్తు, పొద్దున్నే ఊడ్చిన వాకిలి చూసి ఏది మిలటరీ ఆయన ఇల్లో చెప్పేయవచ్చు. పంట మీద ఆధారపడని సొమ్ము గనుక కరువు ఏట కూడా గిద్దలూరులో కట్టుబడి పూర్తిగా ఆగదు.

వైద్యం ఈ ప్రాంతపు బలహీనత. పెద్ద దెబ్బ తగిలితే నంద్యాల, ఒంగోలు, గుంటూరు. దారులు మాత్రం మెరుగయ్యాయి. అనంతపురం–గుంటూరు జాతీయ రహదారి గిద్దలూరు, కంభం మీదుగా, నకిరేకల్లు–ఏర్పేడు రహదారి మార్కాపురం మీదుగా పోతాయి. హైదరాబాదుకు శ్రీశైలం దారి దగ్గరే గానీ రాత్రి తొమ్మిది దాటితే అడవి గేట్లు మూస్తారు. రైలు సంగతికొస్తే 401 కిలోమీటర్ల గుంటూరు–గుంతకల్లు లైనును రెండు లైన్లు చేసే పని సాగుతోంది. బెంగళూరు పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఈ ఊళ్ళకు రైలు కంటే ఎక్కువ.

బేల్దారి ఇల్లు

ప్రశాంతి లాంటి రైలు ఇక్కడ అంత ముఖ్యం ఎందుకంటే, మగవాళ్ళలో చాలామంది బేల్దారి (తాపీ) పనికి అలాంటి రైళ్ళలోనే పోతారు. హైదరాబాదులో, బెంగళూరులో అపార్టుమెంట్ల గోడలు కట్టేవాళ్ళలో, ప్లాస్టరింగు చేసేవాళ్ళలో బేస్తవారిపేట, రాచర్ల, తర్లుపాడు పల్లెలవాళ్ళు కనపడతారు. కాపురాలూ అక్కడే, రేకుల షెడ్లలో. సొంత ఊరిలో ఇల్లుంటుంది, తాళం వేసి. తాళం చెవి పక్కింటి పెద్దమ్మ దగ్గర.

ఆ ఇల్లు ఒకేసారి పూర్తి కాదు. సంక్రాంతికి ఒకటి, ఉగాదికి ఒకటి అన్నట్టు పనులు సాగుతాయి. ఒక ఏడు పునాది, ఒక ఏడు గోడలు, కూతురి పెళ్ళికి ముందు స్లాబు. మేస్త్రీ తనే, కూలీ భార్య, సిమెంటు కలిపేది కొడుకు. కూలి ఖర్చు లేదు కాబట్టి సొమ్మంతా సామానుకే పోతుంది. పండక్కి వచ్చిన పది రోజుల్లో ముందు సంపు కడిగి, రెండు ట్యాంకర్ల నీళ్ళు పోయించుకుని, ఉన్న సిమెంటు బస్తాలు అయిపోయేదాకా పని చేస్తారు. కనుమ మరునాడు పనిముట్లు కడిగి సంచిలో వేసుకుని, తాళం వేసి, చెవి పెద్దమ్మ చేతికిచ్చి మార్కాపురం రోడ్డు స్టేషనుకు ఆటో ఎక్కుతారు. స్లాబు మీద పై అంతస్తు కోసం వదిలిన ఇనుప ఊచలకు తుప్పు పట్టకుండా ఖాళీ నీళ్ళ సీసాలు తొడిగి ఉంటాయి.